మేము అడ్డుపడకపోతే

గోదావరిఖని బజార్ల ముప్పై ఏండ్ల సంది హార్డువేరు దుకాణం నడుపుతున్న. జీతాల దినం బొగ్గు బాయి పని మనుషులు నన్ను బేరంల ఓడగొట్టాలని పంతం పట్టి వస్తరు. ఒక్కడు గెలిచి పోలేదు. అసుంటి నేను నా జన్మల చేసిన అన్నిటికన్న గట్టి బేరం మాత్రం దుకాణంల చెయ్యలేదు. పోలీస్ స్టేషన్ ముంగట, ఎవరిదో మోటర్ సైకిల్ సీటు మీద తెల్లకాగితం పెట్టి చేసిన. అంతా కలిపి ఒక్క పేజీ. అందుల ఒక్క వాక్యం. లోపటికి పోయి ఇచ్చిన గంటకు మా బావ మీద హత్యాయత్నం కేసు అయింది. కాగితం చదివిన ఎస్సై, "మంచిగ రాసినవు సేటూ, వకీలు రాసినట్టే ఉన్నది," అన్నడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు నాకు కొంచెం గర్వంగనే అనిపించింది.

బావ అంటే సొంత బావ కాదు. మా నాయన దుకాణంల కూసున్న కాలం నుంచి వచ్చే గిరాకి. బాయిల డ్రిల్లు పట్టే పని. మూడు కిలోమీటర్ల దూరం కంపెనీ క్వార్టర్ల నుంచి ఒక మొలల పొట్లం కోసం మా దగ్గరికే వచ్చేటోడు. వరుస ఎవరు కలిపిన్రో తెల్వదు గని, నాకూ మా తమ్మునికీ ఆయన బావ, ఆయన భార్య మా ఇంటి ఆడబిడ్డ లెక్క, నాకు చెల్లె, తమ్మునికి అక్క. మా దిక్కు బావ అన్నంక ఎకసెక్కం చెల్లుతది. అది తప్పు పట్టరు, పట్టొద్దు. డ్రిల్లు సప్పుడుకు, పేల్చుడు సప్పుడుకు బావ చెవులు పోయినయి. చెవులు పోయినోళ్లు గట్టిగ మాట్లాడుతరు కదా, ఆయన చిన్నగ అనుకున్న మాట గూడ నాలుగు దుకాణాల దాక ఇనవడేది. "చంపుత బిడ్డా" అన్నది ఆయన ఊతపదం. ధర ఎక్కువ చెప్తే చంపుత, చాయ్ తెప్పియ్యకపోతే చంపుత. ఇన్నేండ్లల్ల నన్ను కనీసం వెయ్యిసార్లు చంపి ఉంటడు.

ఆ దినం మొదటి షిఫ్టు దిగి, తానం చేసి, మెడల తువ్వాల ఏసుకొని వచ్చిండు. చేతుల మూడు దినాల కింద కొన్న నీళ్ల నల్ల. కారుతున్నదట. నేను గల్లా కాడ ఉన్న, కౌంటర్ మీద తమ్ముడు ఉన్నడు. దుకాణంల ఇంకో ఐదారుగురు గిరాకులు.

"ఇది వాపస్ తీస్కోని ఇంకోటియ్యి," అన్నడు బావ.

"నల్ల కారే సప్పుడు నీకెట్ల ఇనవడ్డది బావా? అక్క చెప్పిందా?" అన్నడు తమ్ముడు.

గిరాకులు నవ్విన్రు. నేను నవ్విన. బావ గూడ నవ్విండు, సగమే ఇనవడ్డా నవ్విండు. "చంపుత బిడ్డా, నల్ల మార్చు," అన్నడు.

అక్కడికి ఆగితే అయిపోతుండె. మా తమ్ముడు అప్పుడు ఒక పని చేసిండు. మాట బయటికి రాకుంట ఒట్టి పెదవులు కదిలించుకుంట, చేతులు తిప్పుకుంట, చాన పెద్ద విషయం చెప్తున్నట్టు చెప్పవట్టిండు. బావ ముంగటికి వంగి చెయ్యి చెవి కాడ పెట్టుకున్నడు. ఇంకింత వంగిండు. తమ్ముడు ఇంకింత పెదవులు కదిలించిండు. దుకాణమంత నవ్వుతున్నది. బావ నా దిక్కు చూసిండు. నేను గూడ నవ్వుతున్న. అప్పుడు సమజైంది ఆయనకు.

"చంపుత నిన్ను," అన్నడు. ఈసారి నవ్వు లేదు. తూకమేసే తరాజు పక్కన రెండు కిలోల ఇనుప బాటు ఉండె. తీసి ఒక్కటి ఏసిండు. ఎడమ చెవి మీద తలకు తాకింది. తమ్ముడు మొలల బస్తాల మీద పడ్డడు.

ఆ తర్వాత జరిగింది నాకు బాగ యాదికి ఉన్నది, ఎందుకంటే నాలుగేండ్లు దాన్ని మార్చి చెప్పిన. ఎవ్వరు కదలలేదు. గిరాకులు గోడకు అతుక్కున్నరు. బావ చేతిల బాటు ఇంక అట్లనే ఉన్నది, ముంగట తమ్ముడు పడి ఉన్నడు, అడ్డం ఎవ్వరు లేరు. ఇంకొకటి ఎయ్యాలంటే ఎయ్యొచ్చు. ఎయ్యలేదు. చేతిల బాటును చూసిండు. తీసుకపోయి తరాజు పక్కన, ఎక్కడ తీసిండో అక్కడనే పెట్టిండు. మెడల తువ్వాల తీసి తమ్ముని తలకు కట్టి, ఎత్తుకొని, రోడ్డు మీద ఆటోను ఆపి, తల ఒళ్లె పెట్టుకొని దవాఖానకు పట్టుకపోయిండు.

నేనేం చేసిన్నంటే, గల్లా మూసిన. లొల్లి అయితే ముందు గల్లా ముయ్యాలె అన్నది దుకాణపోళ్ల పిల్లలకు ఉగ్గుపాలతోని నేర్పుతరు. తమ్ముడు నెత్తురు కారుకుంట పడితే నా చెయ్యి వాని మీదికి పోలేదు. గల్లా మీదికి పోయింది. తాళం తిప్పిన సప్పుడు ఇప్పటికీ ఇనవడతది.

తల ఎముక చిట్లింది అన్నరు డాక్టర్లు. కరీంనగర్ పంపిన్రు. పాణానికి ఫికర్ లేదని తెలిసినంక నేను స్టేషన్ కు పోయిన. ఫిర్యాదు రాయాలె. మా నాయన చెప్పిన మాట ఒకటున్నది: మొదటి ధర రెండింతలు చెప్పు, దిగేటందుకు మెట్లుంటయి. నాకు బావ జైలుకు పోవాలని లేదు. పది మంది పెద్దమనుషుల్ల తప్పు ఒప్పుకోవాలె, దవాఖాన ఖర్చు పెట్టుకోవాలె, మా తమ్ముని చెయ్యి పట్టుకొని "తప్పయింది" అనాలె. అంతే నాకు కావల్సింది. అంత కావాలంటే దానికి రెండింతలు రాయాలె కదా. పేపర్లల్ల చదివిన మాటలు ఉండనే ఉన్నయి. "చంపాలనే ఉద్దేశంతో" అని రాసిన. తర్వాత కలం ఆగలేదు. "మేము అడ్డుపడకపోతే నా తమ్ముణ్ణి చంపేసేవాడే" అని రాసిన.

మొదటి మాట బేరం కోసం రాసిన. రెండో మాట నా కోసం రాసుకున్న. రేపు తమ్ముడు లేచి, "అన్నా, నువ్వు ఏం చేసినవు?" అని అడిగితే చూపెట్టెతందుకు ఒక కాగితం ఉండాలె.

బావ తువ్వాల కట్టింది, ఆటో ఎక్కించింది రాయలేదు. సరుకుల ఉన్న మంచి, కొనేటోడే ఎతుక్కోవాలె గని అమ్మేటోడు చెప్తడా.

బావను దవాఖాన వరండాలనే పట్టుకున్నరు. రిమాండుకు పంపిన్రు. కంపెనీల సస్పెండ్ అయిండు. నెలన్నర దినాలకు బెయిల్ మీద వచ్చినంక నేను అనుకున్నట్టే పంచాయితీ అయింది. యూనియన్ నుంచి ఇద్దరు, బజార్ నుంచి ఇద్దరు. బావ మా తమ్ముని చెయ్యి పట్టుకున్నడు, ఖర్చు పెట్టుకుంటనన్నడు. తమ్ముడు సరే అన్నడు. నేను లోపట లోపట మురిసిపోయిన, రెండింతలు చెప్పి అసలు ధరకు దించిన కదా అని. అందరం కలిసి మా దుకాణానికి వచ్చే వకీలు సాబ్ దగ్గరికి పోయినం, కేసు వాపస్ తీసుకునేతందుకు.

ఆయన చాయ్ తెప్పిచ్చి, నా ఫిర్యాదు నకలు చదివి, కండ్లద్దాలు తీసి పక్కకు పెట్టిండు.

"ఇది వాపస్ తీసుకునే సరుకు కాదు సేటూ. దెబ్బల కేసయితే కొన్ని రాజీ అయితయి. ఇది మూడు వందల ఏడు, హత్యాయత్నం సెక్షన్. నీకూ ఆయనకూ నడుమ లేదిప్పుడు, సర్కారుకూ ఆయనకూ నడుమ ఉన్నది. నువ్వు ఒట్టి గవాయివి, సాక్షివి."

"ఇద్దరం రాజీ పడ్డంక సర్కారుకేం బాధ సార్?"

"చంపబోయినోణ్ణి ఇడిచిపెడితే రేపు ఇంకొకణ్ణి చంపడా అని బాధ. హైకోర్టుకు పోవచ్చు. తలకు దెబ్బ ఉన్నది, ఒప్పుకుంటరని నేను చెప్పలేను."

ఇప్పుడు కొత్త చట్టంల ఆ నంబరు మారింది. బజార్ల మాత్రం ఇంక మూడు వందల ఏడే. ఆ అంకెకు దిగే మెట్లు లేవని ఆ దినం తెలిసింది నాకు.

"మరి చంపాలనుకున్నడా లేదా అన్నది జడ్జి సాబ్ కు ఎట్ల తెలుస్తది?" అని అడిగిన. "మనసుల ఏమున్నదో ఎవరు చూసిన్రు?"

"ఎవ్వరు చూడరు. చేసింది చూసి మనసు లెక్కగడతరు," అన్నడు. "ఆయుధం ఇంటి నుంచి తెచ్చిండా, అక్కడ దొరికింది పట్టుకున్నడా. దెబ్బ ఎక్కడ తాకింది, ఎంత జోరుగ తాకింది. ఎన్ని దెబ్బలు. అంతకుముందు పగ ఉన్నదా. నోట్లకెల్లి ఏం మాట వచ్చింది. దెబ్బ పడ్డంక ఏం చేసిండు. అన్నిటికన్న ముఖ్యం, ఎందుకు ఆగిండు. తనంతల తాను ఆగితే ఒక తీరు. ఎవరో పట్టుకుంటే ఆగిండంటే ఇంకో తీరు. మనిషి చావకున్నా, దెబ్బ చిన్నదైనా, చంపాలనే చేసిండని రుజువైతే శిక్ష శిక్షనే. దెబ్బ పెద్దదైనా ఆ ఉద్దేశం లేదని తేలితే అది వేరే నేరం." నకలు మీద వేలు పెట్టిండు. "నువ్వేమో 'మేము అడ్డుపడకపోతే' అని రాసినవు."

బావ పక్కన కూసోని ఉన్నడు. వకీలు సాబ్ పెదవుల దిక్కే చూస్తున్నడు, ఎంత ఇనవడ్డదో తెల్వదు. నేను నిజం చెప్పేతందుకు అది మంచి సమయం. చాయ్ తాగిన.

గిరాకి మొఖం చూసి కొంటడా కొనడా చెప్తనని నాకు పేరుండె. రేటు రెండోసారి అడిగినోడు కొంటడు, చెయ్యి పెట్టి చూసి మళ్ల అక్కడనే పెట్టినోడు కొనడు. మా బావ బాటు తీసి మళ్ల అక్కడనే పెట్టిన నాడు మాత్రం నేను ఆ మొఖం చదవలేదు. చదివిన గని రాయలేదు.

కేసు నాలుగేండ్లు నడిచింది. వాయిదా మీద వాయిదా. మా తమ్ముడు మొదట్ల బాగనే ఉండె. ఏడాదికి తల తిరుగుడు మొదలైంది. ఎండల నిలవడలేడు, షట్టర్ సప్పుడైతే రెండు చేతులతోని తల పట్టుకుంటడు. దాంతోని వాని మనసు మారింది. "పోనీ అన్న, కోర్టు ఏం చేస్తే అది చెయ్యనీ," అనవట్టిండు. వాణ్ణి నేను తప్పు పట్టలేదు. అనుభవించేది వాడు.

ఆ నడుమ ఒక దినం పగటిపూట బావ భార్య దుకాణానికి వచ్చింది. తమ్ముడు లేని యాళ్ల చూసుకొనే వచ్చినట్టుంది. ఏడు దాక చదువుకున్న మనిషి. చార్జిషీటు నకలు ఇంట్ల ఉంటే వాక్యం వాక్యం చదువుకున్నదట.

"అన్నా, ఒక్క మాట అడుగుత, అబద్ధం చెప్పకు. మీరు అడ్డుపడకపోతే నిజంగ చంపుతుండెనా?"

"ఆయన ఏమంటున్నడు చెల్లే?"

"ఆయనకు యాదికి లేదట. కండ్లు మసకలు కమ్మినయి అంటడు. రాసిన్రు కదా, పట్టుకున్నరేమో అంటడు. ముప్పై ఏండ్లు కాపురం చేసిన. నా మీద చెయ్యి ఎత్తలే. గిట్ల రాసి ఉంటే నేనేమనుకోవాలె?"

నాకు నోట్లె మాట ఆడలేదు. అంటే అబద్ధం, మాట ఆడింది. "కేసు నడుస్తున్నది చెల్లే, బయట ఏం మాట్లాడొద్దన్నరు వకీలు," అన్న. ఎవ్వరు అట్ల అనలేదు.

ఆమె గోడకు ఏలాడే గడియల దిక్కు చూసింది. ఒట్టి చేతులతోని పోవుడు బాగుండదనో, వచ్చిందే దానికోసమో, "తలుపుకు లోపటి దిక్కు పెట్టే గడియ ఇయ్యి, గట్టిది," అన్నది. ఇచ్చిన. మొదటి ధర చెప్పి, అడగకముందే పది రూపాయలు తగ్గించిన. అట్ల తగ్గించుడు నా జన్మల అదొక్కసారే.

ఆ మరుసటేడు కామెర్లతోని ఆమె చనిపోయింది. సావుకు పోయి దూరంగ నిలవడి వచ్చిన.

నా వంతు గవాయి అటెనుక నాలుగు నెలలకు వచ్చింది. ముంగటి దినం తమ్ముడు నా దిక్కు చూడకుంట అన్నడు, "రాసిందే చెప్పు అన్నా. కొత్తది ఏం చెప్పకు." నాకన్న ముందు సాక్షం చెప్పిన, ఆ దినం లొల్లి ఇని వచ్చిన పక్క దుకాణపాయన "అందరం అడ్డుపడ్డం" అనే చెప్పి పోయిండు. నేను రాసింది చూసే ఆయన చెప్పిండు. నేను ఒక్క మాట అదే తీరు అంటే అయిపోతది. మా వకీలు సాబ్ లెక్క ప్రకారం ఏడేండ్లో పదేండ్లో.

బోనెక్కి మొదట రాసిందే చెప్పిన. సర్కారు వకీలు అడిగినదానికి అవును, అవును అన్న. తర్వాత బావ దిక్కు వకీలు లేచింది. పడుచు పిల్ల, గొంతు చిన్నగ ఉన్నది.

"నిందితుణ్ణి ఎవరు పట్టుకున్నరు?"

"అందరం."

"అందరు అంటే ఎవరు? మీరు ఏ చెయ్యి పట్టుకున్నరు, కుడిదా, ఎడమదా?"

ఇసుంటి ప్రశ్న నేను గిరాకులను వెయ్యిసార్లు అడిగిన. ఏ దుకాణంల తక్కువకు ఇస్తన్నరు, పేరు చెప్పు, అని. అబద్ధమాడేటోడు అక్కడ ఆగుతడు. నేను ఆగిన. చెయ్యి అంటే నాకు నా చెయ్యే యాదికొచ్చింది, అది ఎక్కడున్నదో.

"నేను పట్టుకోలేదమ్మా," అన్న.

"మరి ఎవరు పట్టుకున్నరు?"

"ఎవ్వరు పట్టుకోలేదు. ఆయనే ఆగిండు. బాటు తీసుకపోయి తరాజు కాడ పెట్టిండు. తువ్వాల కట్టి దవాఖానకు ఆయనే పట్టుకపోయిండు."

"అప్పుడు మీరు ఏం చేస్తున్నరు?"

"గల్లాకు తాళం ఏస్తున్న."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్విన్రు. జడ్జి సాబ్ నవ్వలేదు. "మరి ఫిర్యాదుల ఎందుకట్ల రాసినవు?" అని ఆయనే అడిగిండు.

"తర్వాత తగ్గించుకోవచ్చని ఎక్కువ రాసిన సార్."

ఆయన నేను అన్నదాన్ని ఇంగ్లీషుల చేసి టైపిస్టుకు చెప్పిండు. నా ముప్పై ఏండ్ల యాపారం రెండు లైన్లల్ల అయిపోయింది. సర్కారు వకీలు నన్ను ఎదురు తిరిగిన సాక్షి అని చెప్పి, బావ దగ్గర ఎంత తీసుకున్నవని అడిగిండు. అందులో ఆయన తప్పు లేదు. నా మొఖం చూస్తే ఎవరికైన అదే అనిపిస్తది.

బయట వరండాల మా తమ్ముడు నా ముంగట నుంచే నడిచిపోయిండు. బావ మాత్రం వచ్చి నిలవడ్డడు. లోపట నేను ఏం చెప్పిన్నో ఆయనకు ఇనవడలేదు, ఆ పిల్ల వకీలు కాగితం మీద రాసి చూపెట్టినట్టుంది. ఆ కాగితం చేతులనే ఉన్నది.

"నిజంగ ఎవ్వరు పట్టుకోలేదా?" అన్నడు. వరండా మొత్తం మా దిక్కు తిరిగింది.

తల అడ్డంగ ఊపిన.

"నేనే ఆగిన్నా?"

"నువ్వే ఆగినవు బావా."

బెంచి మీద కూసున్నడు. "నాకు యాదికి లేకుండె. నాలుగేండ్ల సంది అడుగుతున్న నన్ను నేనే," అన్నడు. కాగితం మడత పెట్టుకుంట, "ఆమె లోపటి అర్రల గడియ పెట్టుకొని పండేది. పెట్టుకోనీ అన్న. నాకే తెల్వనప్పుడు ఏం చెప్పాలె?" అన్నడు. నా మీద కోపమేమన్న ఉన్నదేమోనని ఎతికిన, కనబడలేదు. ఉంటే బాగుండు. దానికి నేను ఏదో ఒకటి చెప్పుకునేటోణ్ణి.

తీర్పుల నా ఫిర్యాదు గురించి చాన లేదు. ఫిర్యాదు మాటలతోని ఉద్దేశం రుజువు కాదన్నరు. దెబ్బ ఒక్కటే, ఆయుధం అక్కడ దొరికిందే, ముందు పగ లేదు, ఆపేటోళ్లు లేకున్నా ఆగిండు, తానే దవాఖానకు పట్టుకపోయిండు, కాబట్టి చంపే ఉద్దేశం లేదు. కాని ఇనుప బాటుతోని తల మీద కొడితే ఎముక పలుగుతదని ఎవరికైన తెలుస్తది, కాబట్టి తీవ్రంగ గాయపరచిన నేరం ఉన్నది. ఏడాది శిక్ష, జుర్మానా. రిమాండు దినాలు తీసేసిన్రు. మిగిలింది జైల్ల ఉండి వచ్చిండు. సస్పెండ్ అయిన మనిషి సస్పెన్షన్లనే రిటైరైండు. క్వార్టర్ ఖాళీ చేసి రామకృష్ణాపూర్ల బిడ్డ దగ్గర ఉంటున్నడు.

మా తమ్ముడు దుకాణంల వాని వాటా అడిగి తీసుకున్నడు. నడుమ గోడ పెట్టుకున్నం. మాటల్లేవు. వాని తల తిరుగుడు తగ్గలేదు, అది నా రాతతోని వచ్చింది కాదు. బావ చేతితోని వచ్చింది, దానికి ఆయనకు శిక్ష పడ్డది. వాని కోపం మాత్రం నా ఖాతాలదే. దెబ్బ తిన్న నాడు కాపాడలేదు, కోర్టుల నిలవడలేదు. రెండూ నిజమే.

వకీలు సాబ్ నన్ను ఓదార్చెతందుకు చెప్పిండు, "తల మీద ఇనుముతోని కొట్టిండు కదా, నువ్వు ఎట్ల రాసినా పోలీసోళ్లు ఆ సెక్షనే పెడుతుండిరేమో," అని. ఆ తగ్గింపు తీసుకోవాలని నాకు మస్తు ఆశ అయింది. కావచ్చు, సెక్షన్, సస్పెన్షన్, ఆ నాలుగేండ్ల వాయిదాలు, అన్నీ నావి కాకపోవచ్చు. అవి తీసేద్దాం. తీసేసినా "మేము అడ్డుపడకపోతే" అన్న వాక్యం మిగులుతది. అది ఏ పోలీసాయన రాయలేదు. జడ్జి సాబ్ దాన్ని నమ్మలేదు, కోర్టుల దానికి చెల్లుబాటు లేకుంట పోయింది. నమ్మింది ఒక్క మనిషి. ముప్పై ఏండ్లు తన మీద చెయ్యెత్తని మొగణ్ణి చూసి భయపడుకుంట బతికింది, ఆ భయంతోనే పోయింది. నేను నిజం చెప్పేటాళ్లకు నాలుగు నెలలు ఆలస్యమైంది. ఇది నాది, మొత్తం నాదే.